ఒకే గేమ్, వేర్వేరు రూపాలు: కన్సోల్, పీసీ వెర్షన్లను పోల్చుకుని ఎంచుకోవడం ఎలా

2021లో ఫిఫా 22 అనే ఫుట్‌బాల్ గేమ్ వచ్చినప్పుడు ప్రచారమంతా హైపర్‌మోషన్ గురించే సాగింది. ఆటగాళ్ల కదలికలు సహజంగా కనిపించడానికి తయారుచేసిన కొత్త టెక్నాలజీ అది. ప్లేస్టేషన్ 5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో ఆడినవాళ్లకు అది దొరికింది. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నా సరే, పీసీలో కొన్నవాళ్లకు దొరకలేదు. వాళ్ల చేతికి వచ్చింది ప్లేస్టేషన్ 4 తరం ఆట. పేరు ఒకటే, అట్ట మీద బొమ్మ ఒకటే, లోపలున్న ఆట వేరు. కొత్త తరం వెర్షన్ పీసీకి రావడానికి మరుసటి ఏడాది ఫిఫా 23 దాకా ఆగాల్సి వచ్చింది.

పీసీలో ఏ గేమైనా బాగుంటుందని కొందరు, కన్సోల్‌లో ఏ గేమైనా ఇబ్బంది లేకుండా నడుస్తుందని ఇంకొందరు గట్టిగా నమ్ముతారు. రెండు నమ్మకాలూ కొన్ని గేముల దగ్గర నిజమవుతాయి, కొన్నింటి దగ్గర బోల్తా పడతాయి. అందుకని మెషిన్ల పోటీని పక్కన పెట్టి, మీరు కొనబోయే ఆ ఒక్క గేమ్‌ని పట్టుకోండి. అది ఏ మెషిన్‌లో ఎలా ఉందో చూసుకోవడానికి నేను పాటించే వరుస ఇది. చాలామంది ముందుగా చూసే బొమ్మ నాణ్యత ఇందులో మూడో స్థానంలో ఉంది, అదీ క్లుప్తంగా. నా దృష్టిలో దాని విలువ అంతే.

మొదటి అడుగు: ఆ పేరుతో ఎన్ని ఆటలున్నాయో తెలుసుకోండి

ఒకే పేరు కింద రెండు వేర్వేరు ఆటలు ఉండవచ్చు. అందరికీ తెలిసిన ఉదాహరణ మైన్‌క్రాఫ్ట్. జావా ఎడిషన్ విండోస్, మ్యాక్, లైనక్స్ కంప్యూటర్లకే పరిమితం. కన్సోళ్లలో, ఫోన్లలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. విండోస్‌లో రెండూ ఉన్నాయి, 2022 నుంచి రెండూ కలిపే అమ్ముతున్నారు. చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ జావాలో కత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఆగాలి, బెడ్‌రాక్‌లో ఆ విరామం లేదు. జావాలో రెడ్‌స్టోన్‌తో (ఆటలో కరెంటులా పనిచేసే పదార్థం) కట్టిన యంత్రాలు కొన్ని బెడ్‌రాక్‌లో పనిచేయవు. ఒక ఎడిషన్‌లో ఉన్నవాళ్లు మామూలుగా రెండో ఎడిషన్‌లో ఉన్నవాళ్లతో కలిసి ఆడలేరు. ఇది తెలియక కొని, స్నేహితుడి ప్రపంచంలోకి వెళ్లలేక నిరాశపడిన పిల్లలు ఎంతమందో.

రెండోది తరాల తేడా. జీటీఏ 5 మొదట 2013లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకు వచ్చింది. 2014లో ఆ తర్వాతి తరం కన్సోళ్లకు, 2015లో పీసీకి, 2022లో ఇప్పటి కన్సోళ్లకు వచ్చింది. పాత్ర కళ్లతో చూస్తూ ఆడే ఫస్ట్ పర్సన్ పద్ధతి 2014 వెర్షన్‌తోనే మొదలైంది, 2013 డిస్క్‌లో అది లేదు. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనేటప్పుడు ఇలాంటివి తప్పక చూసుకోవాలి.

ఎక్కడ చూడాలంటే, ప్లేస్టేషన్ స్టోర్‌లో గేమ్ పేరు దగ్గర పీఎస్4, పీఎస్5 అని విడివిడిగా గుర్తులుంటాయి. ప్లేస్టేషన్ 5లో రెండు వెర్షన్లూ ఇన్‌స్టాల్ చేయవచ్చు కాబట్టి పొరపాటున పాతది ఆడుతూ ఉండిపోయే అవకాశం ఉంది. గేమ్ ఐకాన్ మీద ఆప్షన్స్ నొక్కి ఏది నడుస్తోందో ఒకసారి చూడండి. ఎక్స్‌బాక్స్‌లో స్మార్ట్ డెలివరీ ఉన్న గేములకైతే మీ కన్సోల్‌కి తగిన వెర్షన్ అదే దిగుతుంది. నింటెండో స్విచ్‌కి వచ్చే గేముల విషయంలో పేరు చివర ఉన్న మాటలు కూడా చదవండి. ఫిఫా 23 స్విచ్‌లో లెగసీ ఎడిషన్ అనే పేరుతో వచ్చింది. జట్లు, జెర్సీలు కొత్తవి, ఆట పాతది.

కొత్త వెర్షన్ అన్నిసార్లూ మెరుగని కూడా అనుకోకండి. ఎల్డెన్ రింగ్‌ని ప్లేస్టేషన్ 5లో ఆడేవాళ్లలో చాలామంది కావాలనే ప్లేస్టేషన్ 4 వెర్షన్ పెట్టుకున్నారు. బొమ్మ వివరం కొంచెం తగ్గినా కదలిక నిలకడగా ఉంటుంది. ఎందుకంత త్యాగం అంటే, దానికి జవాబు రెండో అడుగులో ఉంది.

రెండో అడుగు: కదలికను కొలవండి

గేమ్ అంటే వేగంగా మారే బొమ్మల వరుస. సెకనుకు 30 బొమ్మలు, అంటే ఫ్రేములు, వస్తే ఒక్కోటి తెర మీద సుమారు 33 మిల్లీసెకన్లు ఉంటుంది. 60 వస్తే 16.7, 120 వస్తే 8.3 మిల్లీసెకన్లు. ఈ అంకెలు కంటి కంటే చేతికి ఎక్కువ తెలుస్తాయి. మీరు బటన్ నొక్కిన ఫలితం తర్వాతి బొమ్మల్లోనే కనబడాలి కాబట్టి, బొమ్మకీ బొమ్మకీ మధ్య దూరం పెరిగితే పాత్ర బరువుగా, మాట వినకుండా ఉన్నట్టు అనిపిస్తుంది. నెమ్మదిగా సాగే కథల గేమ్‌లో 30తో సర్దుకుపోవచ్చు. పోరాటాలు, రేసులు, షూటింగ్ ఉన్న గేమ్‌లో 60 కంటే తక్కువ ఉంటే నేనైతే కొనను.

సగటు అంకె కంటే నిలకడ ముఖ్యం. సగటు 60 అని రాసి ఉన్నా, మధ్యమధ్యలో ఒక్కో బొమ్మ 50 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆట తడబడుతుంది. స్థిరంగా నడిచే 40, ఎగుడుదిగుడుగా నడిచే 55 కంటే హాయిగా ఉంటుంది. అందుకే 2021లో రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌కి 40 ఫ్రేముల మోడ్ ఇచ్చినప్పుడు అది అంత నచ్చింది. 40 అంటే 25 మిల్లీసెకన్లు, సమయం పరంగా 30కీ 60కీ సరిగ్గా మధ్యలో. దానికి 120 హెర్ట్జ్ టీవీ, అంటే సెకనుకు 120 సార్లు తెర మారేది, ఉండాలి, ఎందుకంటే 120ని 40 సమంగా భాగిస్తుంది, 60ని భాగించదు.

ఇప్పుడు కన్సోల్‌కీ పీసీకీ మధ్య ఉన్న అసలు తేడా దగ్గరికి వద్దాం. ప్రో మోడల్‌ని పక్కన పెడితే, ప్రతి ప్లేస్టేషన్ 5లోనూ ఒకే ప్రాసెసర్, ఒకే గ్రాఫిక్స్ చిప్, ఒకే 16 జీబీ మెమరీ. గేమ్ తయారుచేసేవాళ్లు ఆ ఒక్క పెట్టెకే సరిచూసుకుంటారు. కాంతినీ రంగునీ లెక్కగట్టే షేడర్లు అనే చిన్న ప్రోగ్రాములు ఆ చిప్‌కి సరిపడేలా ముందే సిద్ధమై వస్తాయి. పీసీలో ఎవరి గ్రాఫిక్స్ కార్డ్ వారిది, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎవరిది వారిది. ముందే తయారుచేసి పంపడం కుదరదు కాబట్టి షేడర్లు మీ మెషిన్‌లోనే తయారవ్వాలి. ఆ పని ఆట మధ్యలో జరిగితే, కొత్త మూల తిరిగిన ప్రతిసారీ, కొత్త మంత్రం వేసిన ప్రతిసారీ ఒక్క క్షణం తెర బిగుసుకుంటుంది. కార్డ్ ఎంత ఖరీదైనదైనా ఈ జబ్బు తప్పకపోవచ్చు. కొన్ని గేములు మొదటిసారి తెరిచినప్పుడే ఆ పని పూర్తిచేస్తాయి. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు ఆ ఎదురుచూపే చాలామందికి విసుగు పుట్టించింది, పైగా గేమ్ మధ్యలో మూసుకుపోయేది. తర్వాత వచ్చిన ప్యాచ్‌లతో, అంటే తప్పులు సరిదిద్దే అప్‌డేట్లతో, పరిస్థితి మెరుగైంది. మీ పీసీలో అలా షేడర్ల తయారీ కనిపిస్తే ఆపకండి, పూర్తికానివ్వండి.

కన్సోళ్లన్నీ సమానమని కూడా కాదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ మెమరీ ఉంటే, దాని చిన్న తోబుట్టువు సిరీస్ ఎస్‌లో 10 జీబీ ఉంది. బాల్డర్స్ గేట్ 3 పీసీకి 2023 ఆగస్టులో, ప్లేస్టేషన్ 5కి సెప్టెంబరులో వస్తే, ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరులో గానీ రాలేదు. తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే పద్ధతిని సిరీస్ ఎస్‌లో నడపడం కష్టమవడం దానికి పెద్ద కారణం. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ పద్ధతి లేకుండానే విడుదల చేశారు. 2025లో ఎనిమిదో ప్యాచ్‌తో అది చేరింది. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడాలనుకున్న జంటకు ఈ ఒక్క వివరం గేమ్ మొత్తంతో సమానం.

మీరు చేయాల్సిన పని ఇది. గేమ్ పేరుతో పాటు మీ మెషిన్ పేరు కలిపి పోలిక వీడియో వెతకండి. వీడియోను 60 ఫ్రేముల నాణ్యతలో పెట్టకపోతే తేడా కనబడదు. ఖాళీ మైదానంలో తీసిన దృశ్యాలు వదిలేసి, జనం నిండిన వీధి, వాన, పేలుళ్లు ఉన్న చోట అంకె ఎంత పడిపోతోందో చూడండి. ఆ వీడియో ఏ ప్యాచ్ మీద తీశారో కూడా చూసుకోండి. పీసీ వాళ్లు కనీస అవసరాలు, సిఫారసు చేసిన అవసరాలు అనే పట్టికలో కార్డ్ పేరుతో ఆగిపోకుండా, ఏ రిజల్యూషన్‌కి (బొమ్మలో ఉండే చుక్కల సంఖ్య), ఎన్ని ఫ్రేములకు రాశారో చదవాలి. ఈ మధ్య కొన్ని పట్టికల్లో ఫ్రేమ్ జనరేషన్ పెట్టుకుంటేనే 60 వస్తుందని రాస్తున్నారు. ఫ్రేమ్ జనరేషన్ మధ్యలో కల్పించిన బొమ్మలను చేరుస్తుంది. కంటికి నునుపుగా ఉంటుంది గానీ బటన్‌కి స్పందన వేగం పెరగదు. 30ని 60గా చూపించే మోడ్‌ని నిజమైన 60గా లెక్కేయకండి.

మూడో అడుగు: బొమ్మ నాణ్యత

4కే అని రాసి ఉన్నంత మాత్రాన గేమ్ ఆ రిజల్యూషన్‌లో గీస్తోందని కాదు. చాలా గేములు తక్కువలో గీసి, డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి పద్ధతులతో పెద్దది చేస్తాయి. సన్నివేశం బరువెక్కితే రిజల్యూషన్ దానంతట అదే తగ్గుతుంది కూడా. సోఫాలో కూర్చుని దూరం నుంచి చూస్తే ఈ తేడాలు సగం మాయమవుతాయి. మానిటర్ ముందు కూర్చుంటే బాగా తెలుస్తాయి. కన్సోల్‌లో పర్‌ఫార్మెన్స్, క్వాలిటీ అని రెండు మోడ్‌లు కనిపిస్తే ముందు కదలికకు పెద్దపీట వేసే పర్‌ఫార్మెన్స్‌తో మొదలుపెట్టండి.

చిన్న మెషిన్‌లో మాత్రం కోతలు చూసే తీరాలి. ద విచర్ 3 2019లో స్విచ్‌కి రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. అంత పెద్ద లోకాన్ని చేతిలో పట్టే తెర మీద సుమారు 540పీ దగ్గర నడిపించారు, చెట్ల ఆకులు తగ్గించారు, దూరపు కొండలు మసకబారాయి, అయినా కథ ఒక్క ముక్క పోలేదు. హాగ్‌వర్ట్స్ లెగసీలో కోత వేరే చోట పడింది. మిగతా మెషిన్లలో హాగ్స్‌మీడ్ ఊళ్లోకి నేరుగా నడిచి వెళ్లిపోవచ్చు, స్విచ్‌లో లోడింగ్ తెర అడ్డొస్తుంది. ప్రయాణాల్లో ఆడుకునే అవకాశం మీకు ఎంత విలువైనదో ఆలోచించుకుని ఈ బేరం ఒప్పుకోవాలో లేదో తేల్చుకోండి.

నాలుగో అడుగు: మీ చేతుల్లో ఏముంటుంది

సైన్యాలను నడిపే స్ట్రాటజీ గేముల్లో, నగరాలు కట్టే గేముల్లో మౌస్‌కి సాటి లేదు. వందల యూనిట్లను ఒక్క గీతతో ఎంచుకునే పనిని కంట్రోలర్‌లో చక్రాల మెనూలతో చేయించాలి. దూకుడు, పోట్లాట, బండి నడపడం ఉన్న గేముల్లో కంట్రోలరే మేలు, ఎందుకంటే కీబోర్డ్ బటన్‌కి నొక్కడం, వదలడం అనే రెండే స్థితులు. యాక్సిలరేటర్‌ని సగం నొక్కడం అనేది అక్కడ లేదు.

షూటింగ్ గేముల్లో కథ వేరు. కన్సోల్ వెర్షన్‌లో గురిని కాస్త లాగి పట్టే ఎయిమ్ అసిస్ట్ ఉంటుంది, గేమ్ సమతూకం దాని మీదే ఆధారపడి ఉంటుంది. నింటెండో, ప్లేస్టేషన్ కంట్రోలర్లలో చేతి వంపుతో గురి పెట్టే గైరో ఉంది, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో లేదు. స్విచ్ 2 కంట్రోలరైన జాయ్‌కాన్‌ని బల్ల మీద పక్కకు పెట్టి మౌస్‌లా కూడా వాడుకోవచ్చు. అయితే వీటిని గేమ్ కూడా ఒప్పుకోవాలి. మెషిన్‌లో ఉంది కదా అని గేమ్‌లో ఉంటుందనుకోకండి, సెట్టింగ్స్ వీడియో వెతికి చూడండి.

ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌లో విల్లు లాగుతుంటే ట్రిగ్గర్ బిగుసుకునే అనుభవం ఉంది కదా, అది పీసీలో కూడా కొన్ని గేముల్లో దొరుకుతుంది. ఎక్కువ గేముల్లో దానికోసం వైరుతో కలపాలి, బ్లూటూత్‌తో మామూలు బటన్లు మాత్రమే పనిచేస్తాయి.

ఇంకో రెండు చిన్న విషయాలు, చాలామంది కొన్నాక గానీ గమనించనివి. ఒకటి అక్షరాల సైజు. టీవీకి, మానిటర్‌కి రాసిన అక్షరాలు చేతిలో పట్టుకుని ఆడే పీసీ అయిన స్టీమ్ డెక్ లాంటి 1280x800 తెర మీద చీమల్లా కనిపిస్తాయి. రెండోది చూపు వెడల్పు, అంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ. పీసీలో దాన్ని పెంచుకునే వీలు తరచూ ఉంటుంది, కన్సోల్‌లో అన్నిసార్లూ ఉండదు. ఫస్ట్ పర్సన్ గేములు ఆడితే తల తిరిగేవాళ్లకు ఈ ఒక్క సెట్టింగ్ ఉందా లేదా అన్నదే నిర్ణయం.

ఐదో అడుగు: స్నేహితులు, సేవ్ ఫైళ్లు

క్రాస్‌ప్లే వేరు, క్రాస్ ప్రోగ్రెషన్ వేరు. మొదటిది వేర్వేరు మెషిన్లలో ఉన్నవాళ్లు కలిసి ఆడటం. రెండోది మీ ఆటను ఒక మెషిన్‌లో ఆపి ఇంకో మెషిన్‌లో అక్కడి నుంచే కొనసాగించడం. ఒకటుంటే రెండోదీ ఉంటుందనుకోవడం పొరపాటు. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ 2025లో క్రాస్‌ప్లేతో వచ్చింది, సేవ్ మాత్రం మెషిన్ దాటదు. ద విచర్ 3 ఒంటరిగా ఆడే గేమ్, కానీ 2022 డిసెంబరు అప్‌డేట్ తర్వాత దాని సేవ్ మెషిన్లు దాటగలదు. జీటీఏ ఆన్‌లైన్‌లో కన్సోల్ వాళ్లు, పీసీ వాళ్లు కలవలేరు.

ఈ తేడా నాకు నష్టంతోనే తెలిసింది. ఒక గేమ్‌ని కన్సోల్‌లో 60 గంటలకు పైగా ఆడి, తర్వాత పీసీలో మళ్లీ కొన్నాను. స్నేహితులతో కలిసి ఆడగలిగాను, కానీ నా పాత్ర మొదటి స్థాయి నుంచి మొదలైంది. ఆ రోజంతా మనసు మనసులో లేదు. అప్పటి నుంచి గేమ్ అధికారిక సైట్‌లో ప్రశ్నలు, జవాబుల పేజీలో ఈ రెండు మాటలనూ విడివిడిగా వెతికాకే కొంటున్నాను.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే. కన్సోళ్లలో డబ్బు పెట్టి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటే మామూలుగా చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు అక్కర్లేదు. పీసీలో అలాంటి చందా లేదు. పీసీ అన్నా కూడా విండోస్ ఒకటే కాదు. స్టీమ్ డెక్ లైనక్స్ మీద నడుస్తుంది, మోసాలను పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ కారణంగా కొన్ని ఆన్‌లైన్ గేములు అందులో తెరుచుకోవు. అపెక్స్ లెజెండ్స్ మొదట నడిచేది, 2024 చివర్లో లైనక్స్‌కి తలుపు మూసేశారు.

ఆరో అడుగు: మోడ్‌లు, గేమ్ ఆయుష్షు

ఒక గేమ్‌ని ఏళ్ల తరబడి ఆడే అలవాటుంటే ఈ అడుగు దాటేయకండి. అభిమానులు చేసే మార్పులను, అంటే మోడ్‌లను, ఏ మెషిన్ ఎంతవరకు రానిస్తుందో స్కైరిమ్ చక్కగా చూపిస్తుంది. 2016లో స్పెషల్ ఎడిషన్ వచ్చినప్పుడు పీసీలో హద్దు లేదు. ఎక్స్‌బాక్స్ వన్‌లో 5 జీబీ వరకు మోడ్‌లు పెట్టుకోవచ్చు. ప్లేస్టేషన్ 4లో 1 జీబీ, అదీ గేమ్‌లో ముందే ఉన్న బొమ్మలు, శబ్దాలతో చేసినవి మాత్రమే. కొత్త కవచం, కొత్త పాట బయటి నుంచి తెచ్చుకోవడానికి లేదు.

డిస్క్ కొంటే గేమ్ మీదే అన్న ధైర్యం కూడా ఇప్పుడు సగమే. సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 ప్రోలలో డిస్క్ డ్రైవ్ లేదు, ప్రోకి విడిగా కొని తగిలించుకోవచ్చు. స్విచ్ 2లో గేమ్ కీ కార్డ్ అని ఒక రకం ఉంది. కార్ట్రిడ్జ్‌లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. అట్ట కింది భాగంలో ఆ మాట రాసి ఉంటుంది, చదివి కొనండి.

ఏడో అడుగు: విడుదల రోజు ఆగి, తర్వాత పరీక్షించండి

సైబర్‌పంక్ 2077 సంగతి గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరు 10న వచ్చింది. మంచి పీసీలో ఆడదగ్గట్టే ఉంది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో ఎంత దారుణంగా నడిచిందంటే, దాదాపు వారంలోనే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. 2015లో బ్యాట్‌మాన్: ఆర్కమ్ నైట్‌కి సరిగ్గా తిరగబడింది. కన్సోల్ వాళ్లు హాయిగా ఆడుకుంటుంటే పీసీ వెర్షన్ అమ్మకాలు కొద్ది రోజుల్లోనే ఆపేసి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు. విడుదలకు ముందు వచ్చే సమీక్షల్లో ఏ మెషిన్ మీద ఆడి రాశారో చూడండి. మీ మెషిన్ పేరు ఏ సమీక్షలోనూ కనబడకపోతే అది హెచ్చరికే. రెండు వారాలు ఆగితే మీరు కోల్పోయేది ఏమీ లేదు.

కొన్నాక వాపసు నియమాలు వాడుకోండి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటలలోపు ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక సాధారణంగా ఆ అవకాశం పోతుంది కాబట్టి అక్కడ డెమో ఉందేమో ముందే చూడాలి.

ఆ 2 గంటలను కథ చూడటానికి ఖర్చుపెట్టకండి. షేడర్ల తయారీకి పట్టే సమయం కూడా అందులోనే లెక్కవుతుంది. మొదటి పది నిమిషాలు సెట్టింగ్స్‌లోనే గడపండి: బటన్లు మార్చుకోవచ్చా, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చా, చూపు వెడల్పు ఉందా. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే టీవీ చేసే ఆలస్యాన్ని గేమ్ తప్పుగా అనుకుంటారు. తర్వాత మొదటి పెద్ద పోరాటం దాకా, లేదా మొదటి జనం ఉన్న ఊరి దాకా నేరుగా వెళ్లండి. అక్కడ నిలబడి కెమెరాను గుండ్రంగా, నెమ్మదిగా తిప్పండి. తర్వాత పరుగెత్తుతూ తిప్పండి. తెర తడబడితే ఒక్కో సెట్టింగ్ తగ్గిస్తూ మళ్లీ అదే చోట తిప్పి చూడండి, నీడలతో మొదలుపెట్టండి. గంటన్నర అయ్యేసరికి ఇంకా తడబడుతుంటే ఆట మూసేసి వాపసు అడిగేయండి, ప్యాచ్ వచ్చాక మళ్లీ కొనుక్కోవచ్చు.